గడ్డిపోచ

పోలెండులో జుబ్రూవ్కా అనే వోడ్కా ఒకటి ఉంది. ప్రతి సీసాలోనూ ఒక గడ్డిపోచ నిలువుగా ఉంటుంది. వోడ్కాకు ఆ గడ్డి వాసనను ముందే పట్టిస్తారు. సీసాలోని పోచ కేవలం గుర్తుకోసం. చెమ్మగల నేలల్లోనూ, అడవుల అంచుల్లోనూ మొలిచే ఈ గడ్డికి వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన గ్రీకు పేరుకు ‘పవిత్రమైన గడ్డి’ అని అర్థం. ఉత్తర యూరపులో పండుగనాళ్ళలో దీన్ని చర్చి గుమ్మాల ముందు పరిచేవారు. ఉత్తర అమెరికా ఆదివాసులు దీన్ని జడలుగా అల్లి, ఎండబెట్టి, ధూపం వేస్తారు. మనకు దర్భ ఎలాంటిదో వారికి ఇది అలాంటిదన్నమాట. పోలెండు రైతు మాత్రం ఈ పవిత్రతను పట్టించుకున్నట్టు లేదు. అతను అడవిదున్నను ‘జుబ్ర్’ అంటాడు. గడ్డికి ఆ దున్న పేరు పెట్టాడు. గడ్డి వేసిన వోడ్కాకు గడ్డి పేరు పెట్టాడు. దున్న ఈ గడ్డి తినే బలిసిందనీ, తాగినవాడికి దున్నబలం వస్తుందనీ ఒక ప్రతీతి ఉంది. నిజానికి ఆ దున్న వందకు పైగా రకాల మొక్కలు మేస్తుంది. వాటిలో ఇదొకటి. సారా అమ్ముకునేవాడికి ఆ వంద మొక్కలతో పనిలేదు గదా!

ఈ గడ్డికి పేరుపడిన చోటు బియావోవియెజా అడవి. పోలెండు తూర్పు సరిహద్దున, సగం ఇటూ సగం అటు బెలారూస్‌లోనూ ఉంటుంది. యూరపు మైదానాల్లో గొడ్డలి పడకుండా మిగిలిన పాత అడవుల్లో దీనిదే అగ్రస్థానమంటారు. మా అమ్మాయి వార్సాలో ఉద్యోగం చేస్తున్నది. నేను చూడటానికి వెళ్ళినప్పుడు రెండురోజులు సెలవుపెట్టి నన్ను ఆ అడవికి తీసుకుపోయింది. అడవి పక్క పల్లెలో ఒక చెక్క ఇంట్లో దిగాం. ఇంటావిడకు డెబ్భై ఏళ్ళుంటాయి. రాత్రి భోజనాల దగ్గర ఆమె శీతలపెట్టెలోంచి సీసా తీసి చిన్న గాజుగ్లాసుల్లో పోసింది. వద్దనటానికి కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి తరువాత చెబుతాను. తాగాను.

రంగు లేత ఆకుపచ్చ కలిసిన పసుపు. కొబ్బరి మొవ్వలో ఇంకా ఎండ తగలని లేతాకు ఉంటుందే, ఆ రంగు. బాగా చల్లబరిచినందువల్ల కొంచెం చిక్కగా, నూనెలాగా జారుతుంది. మొదట ముక్కుకు తగిలేది సారా కాదు, ఎండుగడ్డి. గడ్డి కోసి రెండుపూటలు ఎండనిచ్చిన తరువాత ఆ పక్కనుంచి నడిచిపోతున్నప్పుడు వచ్చే తియ్యటి వాసన. దాని వెనక కొంచెం వెనిల్లా, ఇంకా వెనక బాదంగింజను నలిపినట్టు ఒక చిరుచేదు. నోట్లో పెట్టుకుంటే చక్కెర వేశారేమో అనిపిస్తుంది. ఆ తీపి ముక్కు చేసే మాయ. మింగిన తరువాతగాని మంట తెలియదు. తెలిసినప్పుడు కూడా గొంతు కొయ్యదు. రొమ్ములో ఒక అంగుళం మేర వెచ్చబడి ఊరుకుంటుంది. రెండోసారి ఆపిల్ రసంలో కలిపి ఇచ్చింది. ఆ దేశంలో అది మామూలు. అలా తాగితే ఎవరో దాల్చినచెక్క పొడి చల్లిన ఆపిల్ వంటకం తింటున్నట్టుంటుంది. వాళ్ళు ఆ పానీయాన్ని పిలిచే పేరు కూడా ఆ వంటకం పేరే.

బాగుంది. ఈ ఒక్కమాట రాయటానికి నాకు నెలరోజులు పట్టింది. అందుకే ఈ వ్యాసం.

అంతకుముందు నేను రుచి చూసిన అడవిమద్యం ఒక్కటే: ఇప్పసారా. ఉద్యోగరీత్యా భద్రాచలం ప్రాంతంలో ఉన్నప్పుడు ఒక కోయగూడెంలో ఆకుదొప్పలో పోసి ఇచ్చారు. జుబ్రూవ్కాకూ దానికీ పోలిక లేదు. ఇప్పసారాకు పొగవాసన, పులుపువాసన, వాటి అడుగున బరువైన తీపివాసన ఉంటాయి. అది పూలను పులియబెట్టి, ఆ పులుపునుంచే దించేది; పువ్వే దాని శరీరం. జుబ్రూవ్కా శరీరం రై ధాన్యం. అడవి దానికి వాసన మాత్రమే ఇస్తుంది. అయినా రెంటికీ ఒక సామ్యం ఉంది. తెల్లవారుజామున రాలిన ఇప్పపూలను ఆడవాళ్ళు ఏరి, ఎండబెడతారు. ఎండితేగాని నిలవకు పనికిరాదు. ఈ గడ్డీ అంతే. వేసవి మొదట్లో అనుమతి ఉన్న ఊరివాళ్ళు చేత్తో కోస్తారు, ఎండబెడతారు. పచ్చిగా ఉన్నప్పుడు మామూలు గడ్డికీ దీనికీ పెద్ద తేడా తెలియదు. మర్నాడు అడవి అంచున ఇంటావిడ ఒక పోచ తెంపి నా చేతికిచ్చింది. వాసన చూశాను, ఏమీ లేదు. జేబులో పెట్టుకోమని సైగ చేసింది. మధ్యాహ్నానికి జేబంతా వాసనే.

ఇందులో ఇంద్రజాలం లేదు. ఆ వాసనను ఇచ్చే పదార్థం పేరు కౌమరిన్. బతికున్న గడ్డిలో అది ఒక చక్కెర అణువుతో జతకట్టి, వాసనలేని రూపంలో దాగి ఉంటుంది. గడ్డి వాడి, కణాలు చిట్లినప్పుడు ఆ జత విడిపోయి కౌమరిన్ తయారవుతుంది. 1868లో విలియం పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఆ తరువాత గడ్డి అక్కరలేకుండానే అత్తరు వ్యాపారులకు ఎండుగడ్డి వాసన దొరికింది. 1920లలో అమెరికా, కెనడాలలో బూజుపట్టిన తియ్యగడ్డి మేసిన పశువులు లోపల రక్తస్రావమై చచ్చిపోయేవి. కారణం వెతికితే, బూజు ఆ గడ్డిలోని కౌమరిన్‌ను రక్తం గడ్డకట్టనివ్వని మరొక పదార్థంగా మారుస్తున్నదని తేలింది. దాని ఆధారంగా తయారైనదే వార్ఫరిన్. 1948లో ఎలుకలమందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషుల గుండెజబ్బులకు ఔషధమైంది. తమాషా ఏమిటంటే, ఆ 1954లోనే అమెరికా ప్రభుత్వం ఆహారపదార్థాల్లో కౌమరిన్ కలపటాన్ని నిషేధించింది. జంతువుల మీద పరీక్షల్లో కాలేయాన్ని దెబ్బతీస్తున్నదని కారణం. దాంతో అసలు జుబ్రూవ్కాకు అక్కడ ప్రవేశం లేకుండాపోయింది. ఇప్పుడు అక్కడ అమ్మేది కౌమరిన్ తీసేసిన రకం. మనం పలావులో వేసే సాధారణ రకం దాల్చినచెక్కలోనూ కౌమరిన్ ఉంది. దాన్ని మాత్రం అక్కడ ఎవరూ ఆపలేదు. ఆపిల్ రసంలో నాకు దాల్చినచెక్క తగలటానికి కారణం ఇదేనేమో.

సోమర్సెట్ మామ్ 1944లో అచ్చయిన ‘ద రేజర్స్ ఎడ్జ్’ నవలలో ఈ వోడ్కాకు పెద్ద పాత్రే ఇచ్చాడు. కఠోపనిషత్తులోని కత్తివాదర ఉపమానంనుంచి పేరు తెచ్చుకున్న నవల గనక మనవాళ్ళు చాలామంది చదివారు. ఆధ్యాత్మికత గురించి చర్చించారు. సీసాను గురించి ఎవరూ చర్చించినట్టు లేదు. తాగుడునుంచి అతికష్టం మీద బయటపడిన సోఫీ అనే అమ్మాయి ముందు ఇజబెల్ అనే ధనికురాలు జుబ్రూవ్కా సువాసనను కవిత్వంలా వర్ణిస్తుంది. తరువాత సీసా ఆమెకు అందేచోట వదిలి తాను బయటికి పోతుంది. సోఫీ తాగుతుంది, పతనమౌతుంది. ఇజబెల్ చేసినది హత్యతో సమానం. ఆ హత్యకు ఆయుధం సారా కాదు, సారాను గురించిన వర్ణన. పైన నేను రాసిన పేరా చదివి ఎవరైనా నన్ను ఇజబెల్ పక్కన నిలబెడితే వాళ్ళను తప్పు పట్టలేను.

మా నాన్న సారా తాగేవాడు. నెల్లూరు జిల్లా పల్లె మాది. 1980లలో ప్రభుత్వం ‘వారుణివాహిని’ అనే అందమైన పేరుపెట్టి సారాను పొట్లాలలో ఊరూరికీ చేర్చింది. మంచినీళ్ళు చేరని ఊళ్ళకు కూడా అది చేరింది. నాన్న పొట్లం మూల పంటితో కొరికి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి గొంతులో పోసుకునేవాడు. వెంటనే ఉప్పుకల్లు ఒకటి నాలికమీద వేసుకునేవాడు. ఎందుకని అడిగితే, ‘కంపుకొడుతుందిరా’ అన్నాడు ఒకసారి. ఈ మాటను నేను చాలాకాలం హాస్యంగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో మొత్తం విషయం ఉంది. తాను కొనుక్కున్న వస్తువును ముక్కు మూసుకుని తాగవలసివచ్చిన వినియోగదారుడు మరొకడు ఉంటాడా? అతనికి కావలసింది రుచి కాదు; అమ్మేవాడికీ తెలుసు అతనికి రుచి అక్కరలేదని.

1992లో దూబగుంట ఆడవాళ్ళు లేచినప్పుడు మా అమ్మ మా ఊళ్ళో లేచింది. రాత్రిబడిలో చదువుకున్న పాఠంలో తమ కథే ఉందని గుర్తుపట్టిన ఆ ఆడవాళ్ళు సారాకొట్లు మూయించారు, వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో, వారుణివాహినిని తెచ్చిన ముఖ్యమంత్రే తిరిగి అధికారంలోకి వచ్చి సంపూర్ణ నిషేధం ప్రకటించాడు. 1997లో ఆయన తరువాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానా ఖాళీ అవుతున్నదన్నారు. ఇదంతా పాఠకులకు తెలిసినదే. నాకు అప్పుడు తెలియనిది, బియావోవియెజా చరిత్ర వెతుకుతున్నప్పుడు తెలిసినది ఒకటి ఉంది.

పోలెండులో శతాబ్దాలపాటు భూస్వామికి ఒక హక్కు ఉండేది: తన జమీలో సారా కాచేదీ అమ్మేదీ తానే. రైతు బయటినుంచి తెచ్చుకోకూడదు, తాను కాచుకోకూడదు. కొన్నిచోట్ల ఏడాదికి ఇంతని లెక్కకట్టి బలవంతంగా కొనిపించేవారు. వెట్టిచాకిరీ చేసి పండించిన రై ధాన్యాన్నే సారాగా మార్చి అదే రైతుకు అమ్మటమన్నమాట. ధాన్యం ఎగుమతికి ధర పడిపోయినప్పుడు భూస్వాములను కాపాడింది ఈ హక్కే. వాళ్ళు సారాకొట్టును తరచు యూదులకు కౌలుకిచ్చేవారు. రైతు కోపం కొట్లో కూర్చున్న కౌలుదారు మీదికి పోయేది, కోటలో కూర్చున్నవాడి మీదికి పోయేది కాదు. మన ఆబ్కారీ కంట్రాక్టు తెలిసినవారికి ఈ ఏర్పాటు చోద్యంగా కనిపించదు. గోదావరి మన్యంలో 1879 నాటి రంప తిరుగుబాటుకు ఒక ముఖ్యకారణం కల్లుమీద వేసిన పన్ను. తన చెట్టు, తన కల్లు, తాగటానికి మరొకడికి డబ్బు కట్టాలి.

1858 ప్రాంతంలో, రష్యా జారు ఏలుబడిలో ఉన్న లిథువేనియాలో, కాథలిక్ బిషప్పు వలన్‌చ్యూస్ ప్రోద్బలంతో రైతులు ఊళ్ళకు ఊళ్ళు సారా మానేస్తామని ప్రమాణం చేశారు. 1859లో రష్యాలోని చాలా జిల్లాల్లో రైతులు సారాకొట్లను బహిష్కరించారు, కొన్నిచోట్ల పగలగొట్టారు. జారు ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. జనం తాగటం మానేసినందుకు సైన్యం! ఈ వాక్యం చదివిన రోజున మా అమ్మకు టెలిఫోను చేసి చెప్పాను. ఆమెకేమీ ఆశ్చర్యం కలగలేదు. ‘మాకాడికి పోలీసోళ్ళు రాలేదా?’ అంది.

ఇక ఇంటావిడ సంగతి. మా అమ్మాయి అటుదిటూ ఇటుదటూ చేసి చెప్పింది. ఆమె తల్లి చిన్నతనంలో గడ్డి కోసి ఫ్యాక్టరీ మనుషులకు ఇచ్చేదట. ‘మరి ఈ వోడ్కా మీ ఇంట్లో ఉండేదా?’ అని అడిగించాను. ఆమె నవ్వింది. సీసా ఎవరు కొంటారు? ఇంట్లో దించిన సారా ఉండేది. అందులో నాలుగు పోచలు వేసుకునేవారు. ఆ ప్రాంతంలో దొంగసారా కాచటం ఇప్పటికీ ఒక పేరుబడ్డ కళ. చట్టం దాన్ని ఒప్పదు. అదే అడవి, అదే గడ్డి, ఫ్యాక్టరీలో వేస్తే ఎగుమతి సరుకు. పొయ్యిమీద వేస్తే నేరం. ఇప్పసారాకూ ఇదే గతి అని నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టి ఇంకో మాట చెప్పింది. ఆ ఇంటిసారాయే తన తండ్రిని యాభైఏళ్ళు నిండకుండా తీసుకుపోయిందట. గడ్డి వేసిందీ, వెయ్యనిదీ అని కాలేయం చూడదు గదా అంది. కోయగూడెంలోనూ ఇలాంటి ఇళ్ళు నాకు తెలుసు. ఇంట్లో కాచుకున్నదంతా అమృతమనీ, కంట్రాక్టరు అమ్మినదంతా విషమనీ రాస్తే వ్యాసం తేలిగ్గా నడుస్తుంది, కాని అబద్ధమౌతుంది.

అయినా తేడా లేకపోలేదు. నాలుగు పోచలు వేసుకున్నవాడు వాసన చూసుకుని తాగదలిచాడు. ఏ పోచ కోయాలి, ఎంత ఎండాలి, ఎన్నిరోజులు నానాలి అన్నది అతనికి తెలిసిన విద్య. మా నాన్నకు పొట్లంలో దొరికింది ఆ విద్యను పూర్తిగా తీసేసిన సారా. ప్రభుత్వాలూ భూస్వాములూ మద్యాన్ని ఆదాయంగా చూసినచోటల్లా మొట్టమొదట పోయేది రుచి. ఎందుకంటే రుచి తెలిసినవాడు తక్కువ తాగే ప్రమాదం ఉంది. ఆ తరువాత అదే రుచిని సీసాలో పెట్టి, పోచ గుర్తుగా వేసి, డబ్బున్నవాడికి అమ్ముతారు. జుబ్రూవ్కా బాగుందని నేను ఒప్పుకోవటానికి నెలరోజులు తటపటాయించింది ఇందుకే. కళ విషయంలో మన సంఘంలో పాత తగవు ఒకటి ఉంది: దోపిడీ కాలంలో పుట్టిన అందాన్ని అందమనవచ్చునా అని. అనవచ్చునని నా అభిప్రాయం. గడ్డివాసన భూస్వామి కనిపెట్టలేదు. అతను దాని చుట్టూ కంచె వేశాడు.

కంచె అంటే గుర్తొచ్చింది. ఈ అడవిని పోలెండు రాజులు వేటకు దాచుకున్నారు, తరువాత రష్యా జార్లు దాచుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యాలు వచ్చి చెట్లను నరికి రైళ్ళకెక్కించాయి, దున్నలను తిన్నారు. ఆ అడవిలోని ఆఖరి అడవిదున్న 1919లో పోయింది. జంతుప్రదర్శనశాలల్లో మిగిలిన పన్నెండు దున్నల సంతానంతో జాతిని మళ్ళీ నిలబెట్టి, 1952లో తిరిగి అడవిలోకి వదిలారు. 2019 నాటికి యూరపు మొత్తంమీద అడవుల్లో తిరిగేవి ఆరువేలు దాటాయి. ఇది నాకు సంతోషం కలిగించిన లెక్క. అడవి బెలారూస్ వైపు విస్కులీ అనే వేటబంగళా ఉంది. 1991 డిసెంబరు 8న యెల్త్సిన్, క్రావ్చుక్, షుష్కేవిచ్ అక్కడ కూర్చుని సోవియట్ యూనియన్ ఇక లేదని సంతకాలు పెట్టారు. దాన్ని గురించి మనవాళ్ళు చాలా రాశారు. నేను కొత్తగా చెప్పేది లేదు. జుబ్రూవ్కా చేసే బియావిస్తోక్ ప్రభుత్వ ఫ్యాక్టరీ 2005లో ప్రైవేటు చేతికి పోయింది. తరువాత రష్యన్ కోటీశ్వరుడి కంపెనీలోకి, 2022లో మళ్ళీ ఒక పోలిష్ కంపెనీకి. అదే 2022లో పోలెండు ప్రభుత్వం ఈ సరిహద్దున 186 కిలోమీటర్ల పొడవు, అయిదున్నర మీటర్ల ఎత్తున ఉక్కుకంచె కట్టింది. అంతకుముందు ఏడాది ఇరాక్, సిరియా, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్ళను బెలారూస్ ఇటు నెడితే, పోలెండు అటు నెట్టింది. నడుమ ఈ అడవిలో చలికి మనుషులు చచ్చిపోయారు. ఇంటావిడ ఆ శీతాకాలం రాత్రిళ్ళు వరండా దీపం ఆర్పలేదట. అంతకుమించి ఆమె చెప్పలేదు, మేము అడగలేదు.

వచ్చేటప్పుడు కాగితపు కవరులో ఎండిన పోచలు నాలుగు పెట్టి ఇచ్చింది. సీసా కొనమని మా అమ్మాయి అన్నది గాని నేను కొనలేదు. మా ఇంట్లో అమ్మ ఉన్న చోటికి సీసా రాదు. కవరు మాత్రం తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, వాసన చూడమన్నాను. చాలాసేపు చూసింది. బాగుందన్నట్టు తల ఊపింది. దేనికి వాడతారని అడిగింది. చెప్పాను.

‘ఏందిరా, ఇంత మంచి గడ్డి గొడ్డుకెయ్యకుండా సారాలో ఏస్తారా!’ అని, కవరు మడిచి తన బట్టల పెట్టెలో, చీరెల మధ్య పెట్టుకుంది.